అమ్మాయిని అడగని రాజీ

సోఫా గుమ్మంలో ఇరుక్కుపోయింది. సగం హాల్లో ఉంది, సగం వరండాలో ఉంది.

సోఫా మేస్త్రీ షాపు మూసి మెట్లెక్కి వచ్చేసరికి సొంతింట్లోకి తనకే దారి లేదు. అవతల నుంచి కూతురు భుజం ఆనించి తోస్తోంది. ముడి ఊడి జుట్టు మొహం మీద పడుతున్నా పట్టించుకోవడం లేదు. దాని వెనకాల భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏమిటే ఇది?"

"బయటికి పోతోంది."

"ఎక్కడికి?"

"చెత్తబండి మీదికి. వాడు కూర్చున్న సోఫా ఈ ఇంట్లో ఉంటే నేనుండను. ఏది కావాలో నువ్వే తేల్చుకో నాన్నా."

"మెల్లిగా మాట్లాడు. చుట్టుపక్కలవాళ్ళు వింటారు."

"విననీ. యూనివర్సిటీ మొత్తం ఫోటో చూసింది. వీళ్ళు నాలుగు మాటలు వింటే ఏం పోయింది?"

ఫోటో అనగానే మేస్త్రీ చూపు సోఫా మీదికి వెళ్ళింది. చేతిలో సంచీ కింద పెట్టి, అలవాటు కొద్దీ సోఫా అంచు పట్టుకుని ఊపి చూశాడు. తోస్తే పోయే రకం కాదది. అసలు ఆ గుమ్మంలోంచి వచ్చిందే కాదు. పెళ్ళయిన కొత్తలో చెక్కలన్నీ విడివిడిగా పైకి మోసుకొచ్చి, ఈ హాల్లోనే కూర్చుని బిగించి, స్ప్రింగులు కట్టి, పట్టీలు లాగి, పైన గుడ్డ కుట్టాడు. ఊరందరి గుమ్మాలకీ కొలత తీసి సోఫాలు చేసే మనిషి, తన గుమ్మానికి కొలత తీసుకోలేదు. ఆ సంగతి మొగుడూ పెళ్ళాలకి తెలుసు. కూతురికి ఇవాళే తెలిసింది. తెలిసినా తోయడం మానలేదు.

"పొద్దున యూనివర్సిటీ ఫిర్యాదుల కమిటీవాళ్ళు పిలిచారట," అంది భార్య. "కేసు మూసేస్తున్నామన్నారట."

"మూసెయ్యడమేమిటి? ఇంకా మొదలే పెట్టలేదుగా!"

"వాళ్ళు మూయలేదు. నువ్వు మూశావు," అంది కూతురు.

తోయడం ఆపింది. సోఫా వీపు మీద రెండు చేతులూ ఆనించి, ఊపిరి కూడదీసుకుని చెప్పింది.

"కమిటీ మేడమ్ నా ముందు ఫోటో పెట్టింది. మన హాలు. ఈ సోఫా. నువ్వు, పక్కన వాడు. నీ చేతులు రెండూ వాడి చేతిలో ఉన్నాయి. వెనకాల అమ్మ, కాఫీ ట్రే పట్టుకుని సగమే కనిపిస్తోంది. నువ్వు నవ్వుతున్నావు నాన్నా."

"అన్నయ్య ఇటు చూడమంటే చూశాను. ఫోటో తీసేటప్పుడు ఎవరైనా..."

"నవ్వుతారా?"



ఆదివారం, కూతురికి థీసిస్ గైడుగా ఉన్న ఆ ప్రొఫెసరుని ఇంటికి వెంటబెట్టుకొచ్చింది మేస్త్రీ అన్నగారు. చుట్టాలందరూ ఆయన్ని జడ్జీగారంటారు. కోర్టు గుమ్మం దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి పేర్లు కేకేసిన బంట్రోతు ఆయన. రిటైరై ఇంటికొచ్చాక తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు. గోడ తగాదా అయినా, మొగుడూ పెళ్ళాల తగాదా అయినా వెళ్ళి మధ్యన కూర్చోవడం, ఇద్దరి చేతులూ కలపడం, ఫోటో తియ్యడం. ఫోటో పడితే తగువు తీరిపోయినట్టే ఆయన లెక్క.

కూతురు స్నేహితురాలి గదికి వెళ్ళిన పూట చూసుకుని ఇద్దరూ దిగారు. ప్రొఫెసరు మంచినీళ్ళు తాగాడు, కాఫీ తాగాడు. "మీ అమ్మాయి నాకూ కూతురి లాంటిదే. నా వల్ల ఏమైనా బాధ కలిగి ఉంటే మన్నించండి," అన్నాడు. ఏమైనా అట. ఉంటే అట. తప్పు ఒప్పుకోకుండా క్షమాపణ చెప్పాలంటే చాలా పెద్ద చదువే చదవాలి. ఆరో క్లాసుతో సరిపెట్టుకున్న మేస్త్రీకి అది క్షమాపణ లాగే వినిపించింది. అంతటివాడు తన సోఫా మీద కూర్చుని తన చేతులు పట్టుకున్నాడని కళ్ళు కూడా చెమర్చాయి. సిగ్గులేని కళ్ళు.

"ఇప్పుడేమంటాడు వాడు?" అని అడిగాడు మేస్త్రీ.

"రాజీ కావాలని నేనే అడిగానంటున్నాడు. పెదనాన్న చేత కబురు పెట్టించానట. ఫిర్యాదు చేసినమ్మాయి తనంతట తాను అడిగితే విచారణ ఆపి రాజీ చెయ్యొచ్చని వాళ్ళ రూలు. నేనడిగాను! నేను!"

"నేనప్పుడే అన్నాను, పిల్ల వచ్చేదాకా ఆగుదామని," అంది భార్య.

"అన్నావు. అని వెళ్ళి కాఫీ కలిపావు," అన్నాడు మేస్త్రీ.

"కలపమన్నది ఎవరు? పెద్దమనిషి ఇంటికొస్తే ఉత్త నోటితో పంపిస్తావా అని వంటింట్లోకి వచ్చి కళ్ళురిమింది ఎవరు?"

"అంత మనసు లేనిదానివి, చక్కెర బదులు ఉప్పు వెయ్యాల్సింది."

"చెప్తే ఎలకల మందే వేసేదాన్ని. నాకెవరు చెప్పారు? నన్నెవరు అడిగారు? ఈ ఇంట్లో కాఫీకి తప్ప ఆడదాన్ని దేనికైనా పిలిచారా మీరూ మీ అన్నగారూ?"

"మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి," అంది కూతురు. గొంతు తగ్గించింది. ఆ తగ్గించిన గొంతుకే మేస్త్రీకి ఎక్కువ భయం వేసింది. "ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో అమ్మకి పూర్తిగా చెప్పాను. నీకు చెప్పగలిగినంత చెప్పాను. చాప్టరు దిద్దుతానని పిలిచి గడియ పెట్టాడని చెప్పాను. బల్ల మీదున్న పేపర్‌వెయిట్ విసిరి బయటపడ్డానని చెప్పాను. 'నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఈ చెయ్యే, గుర్తుపెట్టుకో' అన్నాడని చెప్పాను. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఆ చెయ్యే నాన్నా. ఫోటోలో నువ్వు పట్టుకున్నది."

భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలేవో ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు వచ్చింది. సర్దాల్సిన గిన్నెలు అక్కడేమీ లేవని మేస్త్రీకి తెలుసు.

"ఇంకోటి కూడా విను. మా డిపార్ట్‌మెంటులో జూనియరు ఒకమ్మాయి ఉంది. దాన్నీ అలాగే పిలిచాడు. నాతో పాటు వచ్చి చెప్తానంది. ఫోటో చూసి ఇవాళ వెనక్కి తగ్గింది. 'మీ నాన్నగారే ఆయనతో చేతులు కలిపారక్కా, ఇంక నా మాట ఎవరు వింటారు' అంది. ఏమనమంటావు దాన్ని? మార్చమని నేనడిగితే నా గైడుని మార్చలేదు. దాన్ని మాత్రం వాడి కిందే వేశారు."

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. దాని వెనకే దగ్గు. జడ్జీగారు వచ్చేముందు దగ్గు వస్తుంది. కోర్టులో నేర్చుకున్న అలవాటు.

"ఏమిటిరా, ఇంటికి అడ్డం సోఫా? నేనొస్తున్నానని తెలిసిందేమిటి?"

ఎవరూ నవ్వలేదు. ఆయన తమ్ముడి పక్కన నిలబడి, సోఫా మీదుగా లోపలికి తొంగి చూశాడు.

"ఏమ్మా, ఇంకా చల్లారలేదా? సద్దుమణిగినదాన్ని కెలుక్కోకూడదు. పరీక్షలు, చదువు, పెళ్ళి, ఎంత జీవితం ఉంది నీకు."

"పెదనాన్నా, ఒక్క మాట చెప్పండి. రాజీ కావాలని నేను మిమ్మల్ని అడిగానా?"

"నువ్వడగాలా? పెద్దవాళ్ళం లేమూ?"

"నేనే అడిగానని కమిటీకి చెప్పించారు."

"మాట వరసకి అన్నాం. రాజీ అన్నాక ఎవరో ఒకరు అడగాలి కదమ్మా. ఆయన అడిగాడంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఆయన పరువేం కావాలి?"

"నేనడిగానంటే నా పరువు?"

"అదిగో, నీ పరువు కోసమేగా ఇంత తిప్పలు పడింది! నలుగురి నోళ్ళలో నానకుండా గుట్టుగా ముగించాను. దానికి నాకిచ్చే మర్యాద ఇదా? గుమ్మంలో నిలబెట్టి?"

"గుట్టుగానా? ఫోటో పంచిపెట్టారు పెదనాన్నా."

"అది ఆయన చేసిన పని. నేను ఆయనొక్కడికే పంపాను."

మేస్త్రీకి అప్పుడు నవ్వొచ్చినంత పనయింది, ఏడుపు రావాల్సిన చోట. దొంగకి తాళంచెవి ఒక్కటే ఇచ్చాను, ఇల్లు వాడే దోచుకున్నాడు అన్నట్టుంది.

"మేడమ్ రేపు పొద్దున్నదాకా గడువిచ్చింది," అంది కూతురు, తండ్రినే చూస్తూ. "నాన్న వచ్చి, అమ్మాయి అడగలేదు, అమ్మాయికి తెలియకుండా జరిగిందని తన నోటితో చెప్తే రాజీ చెల్లదంది. విచారణ మొదలుపెడతానంది. రాకపోతే రేపటితో సరి. మళ్ళీ వాడి గదికే వెళ్ళి సంతకాలు పెట్టించుకోవాలి."

"వెళ్ళడు," అన్నాడు జడ్జీగారు. "నా చేత మాట ఇప్పించి, వెళ్ళి నేను అబద్ధాలకోరునని నలుగురిలో చెప్తాడా? ఏరా? వెళ్ళావంటే ఇంక నాకు తమ్ముడు లేడనుకుంటాను."

తండ్రి పోయినప్పుడు మేస్త్రీ చదువు మాన్పించి పనిలో పెట్టింది ఈ అన్నే. అన్నం పెట్టిందీ ఈ అన్నే. చదువు పోయిందన్న కోపమూ, కడుపు నిండిందన్న విశ్వాసమూ రెండూ ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో కాపురమున్నాయి. ఏది పెద్దదో తేల్చుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"రేపటి సంగతి రేపు చూద్దాం, వెళ్ళన్నయ్యా," అన్నాడు.

ఆయనకి ఆ జవాబు సరిపోలేదు. కూతురికీ సరిపోలేదు. ఆయన మళ్ళీ దగ్గుకుంటూ మెట్లు దిగాడు.

మేస్త్రీ సంచీ విప్పి ఉలి, స్క్రూడ్రైవరు తీశాడు. సోఫా చెయ్యి మీద గుడ్డ కోసి, లోపలి మేకులు లాగి, బోల్టు విప్పడం మొదలుపెట్టాడు. విడగొట్టడం కట్టినంతసేపు పట్టదు. అవతల నిలబడి కూతురు చూస్తూనే ఉంది.

"నన్నడగాలని ఎందుకనిపించలేదు నాన్నా?"

బోల్టు తిరిగింది.

"అడిగితే వద్దంటావని."

"అంటే వద్దంటానని తెలుసన్నమాట."

అతను తల ఊపాడు. ఆ పిల్ల ఇంకేదో అడగబోయి ఆగింది. అడగనందుకు మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. చెప్పింది నిజమే. కానీ మొత్తం కాదు.

*

కమిటీ గది బయట గోడకి పోస్టర్లు అంటించి ఉన్నాయి. "మౌనం వీడండి. మేమున్నాం." పోస్టర్లో అమ్మాయి హాయిగా నవ్వుతోంది, ఫిర్యాదు చెయ్యడమంటే షికారుకెళ్ళినట్టు. ఆ పోస్టరు పక్కనే తన కూతురు పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. పోస్టరు వేసినవాళ్ళెవరూ ఈ కుర్చీల్లో ఎప్పుడూ కూర్చుని ఉండరని మేస్త్రీ అనుకున్నాడు. కుర్చీలో స్పాంజి చచ్చిపోయి చెక్క తగులుతోంది.

లోపలికి పిలిచారు. పొడుగాటి బల్లకి అవతల మేడమ్, ఆమెకి అటూ ఇటూ మరో ఇద్దరు. వాళ్ళు రాసుకోవడమే తప్ప నోరు విప్పలేదు. మేడమ్ కళ్ళకింద నల్లగా ఉంది. గొంతులో జాలి లేదు, కోపం లేదు. ఆ గొంతే నయమనిపించింది.

"ప్రొఫెసరుగారు వేరే గదిలో ఉన్నారు. మీకు ఎదురుపడరు. మీకు తెలిసింది చెప్పండి. రాజీ కావాలని మీ అమ్మాయి అడిగిందా?"

"లేదమ్మా."

"మరెవరు అడిగారు?"

"ఆయనే మా అన్నయ్యకి ఫోన్ చేశాడు. అన్నయ్య నాకు చేశాడు. నేను సరే రమ్మన్నాను."

"అమ్మాయికి తెలుసా?"

"తెలీదు. దానికి తెలియకుండానే జరిగింది."

పక్కన కూతురు ఊపిరి వదిలింది. ఎన్నాళ్ళుగానో పట్టి ఉంచిన ఊపిరిలా ఉంది. మేస్త్రీ అటు చూడలేదు.

మేడమ్ కాగితాలు ఒక పక్కకి జరిపింది. "ఇది మీరు చెప్తున్నది. అవతలివైపు నుంచి కూడా ఒక సాక్షి వచ్చారు. ఇద్దరినీ కలిపే వినాలి. అభ్యంతరం ఉందా?"

తలుపు తెరుచుకుంది. ముందు దగ్గు వచ్చింది.

జడ్జీగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తమ్ముడి వైపు చూడకుండా వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి సాక్షుల్ని పిలిచిన మనిషి, ఇన్నాళ్ళకి సాక్షి అయ్యాడు.

"చెప్పండి," అంది మేడమ్.

"పిల్లే నాకు ఫోన్ చేసిందమ్మా. ఏడ్చింది. 'ఇంక నా వల్ల కాదు పెదనాన్నా, ఎలాగోలా రాజీ చేయించండి, నాన్నకి మాత్రం నేనడిగానని చెప్పకండి' అంది. కడుపు తరుక్కుపోయింది. అందుకని నేను పూనుకున్నాను. ఇప్పుడు ఎవరి మాటలు విని ఇలా తిరగబడిందో నాకు తెలీదు."

"అబద్ధం!" కూతురు లేచి నిలబడింది. "నేను మీకు ఫోనే చెయ్యలేదు! దేవుడి లాంటి పెదనాన్న అనుకున్నాను మిమ్మల్ని, ఛీ!"

"చూశారా అమ్మా, నోరు."

"కూర్చోండి," అంది మేడమ్ కూతురితో. "ఆయన చెప్పాల్సింది చెప్పారు. మీరు ఫోన్ చేశారా లేదా అన్నది కనుక్కోవచ్చు."

"అన్నయ్యా," అన్నాడు మేస్త్రీ. "అబద్ధమాడకు. అది అడగలేదు. నువ్వూ నేనూ మాట్లాడుకుని చేసిన పని ఇది."

జడ్జీగారి మొహం ఎర్రబడింది. తను మాట్లాడుతుంటే తమ్ముడు అడ్డం రావడం ఆయనకి కొత్త.

"నేను అబద్ధాలకోరునా? సరే." జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "కోర్టులో మనుషులు మాట మార్చడం చూసీ చూసీ, నాకొచ్చిన ప్రతి ఫోనూ రికార్డయ్యేలా పెట్టించుకున్నానమ్మా. శనివారం వీడు నాతో ఏమన్నాడో ఇందులో ఉంది. వినిపించమంటావురా? నీ కూతురి ముందు? కన్నతండ్రే పిల్ల గురించి ఏమనుకుంటున్నాడో వీళ్ళందరూ వింటారు. ఆ తర్వాత నీ సాక్ష్యానికి ఎంత విలువుంటుందో చూసుకో."



మేస్త్రీకి శనివారం గుర్తుంది. షాపులో ఒక కుర్చీ వీపుకి గుడ్డ బిగిస్తున్నాడు. నోట్లో మేకులున్నాయి. ఫోన్ మోగితే మేకులు అరచేతిలో ఉమ్మేసి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, సుత్తి ఆపకుండానే మాట్లాడాడు. "దానికి చెప్పక్కర్లేదన్నయ్యా, అడిగితే వద్దంటుంది. నువ్వు తీసుకొచ్చెయ్," అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేది. ఆగలేదు. "అసలు ఒక్కతీ ఆ గదికి ఎందుకెళ్ళిందో నాకూ అర్థం కావట్లేదు. ఇది చనువివ్వకపోతే అంతటివాడు చెయ్యి వేస్తాడా?" అన్నాడు. అని, మేకులు మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

ఆ మాట పేపర్‌వెయిట్ విసిరి బయటపడిన పిల్ల గురించి.

అన్నకి ఆ రెండో మాటే కనిపిస్తోంది. మొదటి మాట ఎంత బరువైనదో ఆయనకి తెలీదు. అమ్మాయిని అడగకుండా చేశారని అంతకంటే గట్టిగా చెప్పేది ఈ భూమ్మీద ఇంకోటి లేదు. వినిపిస్తే రాజీ చెల్లదు. ఆ చెయ్యి పెట్టే సంతకం కోసం కూతురు మళ్ళీ ఆ గది తలుపు తట్టక్కర్లేదు. వినిపిస్తే కూతురు తండ్రిని వింటుంది.

"అందులో ఏముందో మీకు తెలుసా?" అంది మేడమ్.

"తెలుసమ్మా."

"మీరు వద్దంటే వద్దు. ఉన్న సాక్ష్యాలతోనే చూస్తాం. కాస్త కష్టమవుతుంది, అంతే."

"నాన్నా," అంది కూతురు. దాని గొంతులో రాత్రి ఉన్న కోపం లేదు. అదే భరించలేకపోయాడు. "ఏమన్నావు నువ్వు?"

ఆ పిల్లకి చెప్పడానికి నోరు తెరిచాడు. నోట్లో ఇంకా మేకులున్నట్టే ఉంది.

"వినిపించన్నయ్యా," అన్నాడు. "మధ్యలో ఆపకు. చివరిదాకా వినిపించు."

జడ్జీగారు తమ్ముడి మొహంలోకి చూశాడు. బెదిరింపుకి బెదరని తమ్ముణ్ణి ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో లెక్క తప్పిందని అర్థమైంది కానీ, ఎక్కడో తెలియలేదు. వేలు ఫోన్ మీద ఆగిపోయింది. మెల్లిగా ఫోన్ వెనక్కి లాక్కోబోయాడు.

మేస్త్రీ బల్ల మీదుగా చెయ్యి చాచి, ఆ చేతిని పట్టుకుని, తనే నొక్కాడు.

ముందు సుత్తి చప్పుడు వినిపించింది. దాని వెనకే అతని గొంతు.